మెడ వెనక బొటనవేలు

“ఎడమ చేతి గోళ్ళు మాత్రమే తీసేసుకున్నావేంటే? కుడి చెయ్యేం పాపం చేసిందీ?” అంది హైమవతి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ.

అత్తగారి కంటికి శుక్లాలు తీయించింది అఖిలే. పూటపూటకూ మర్చిపోకుండా చుక్కలు వేసి, ఆఫీసుకు సెలవు పెట్టి పక్కన కూర్చుని, ఆ చూపును తిరిగి తెచ్చింది కూడా తనే. తీరా చూపు వచ్చాక అది ఇంకెక్కడా ఆగకుండా సరాసరి కోడలి మీదికే వచ్చి వాలింది. చేసుకున్నవారికి చేసుకున్నంత అని పెద్దలు ఊరికే అనలేదు.

“కూరలు తరుగుతుంటే అడ్డమొస్తున్నయ్ అత్తయ్యా,” అని, వెంటనే నాలుక కరుచుకుని, “అడ్డమొస్తున్నాయి,” అని దిద్దుకుంది అఖిల.

దిద్దుకోవడం ఆమెకు పెళ్ళినాటి నుంచీ అలవాటైన పని. ఫలక్‌నుమాలో, రైల్వేలో పనిచేసిన తండ్రి కట్టుకున్న రెండు గదుల ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల. తెనాలి నుంచి వచ్చి సంతోష్‌నగర్‌లో స్థిరపడిన ఈ ఇంటికి కోడలిగా వచ్చిన వారంలోనే, “గిట్ల గట్ల అనకమ్మా, రేపు పిల్లలకి అదే అంటుకుంటుంది,” అని అంటురోగం సంగతి చెప్పినట్టు చెప్పింది అత్తగారు. చుట్టాలొస్తే మాత్రం, “మా కోడలు బంగారం. మాటే కాస్త మోటు,” అంటుంది. ఆ బంగారం తెల్లవారకముందే లేచి ఇడ్లీ కుక్కర్ ఎక్కించి, అత్తగారికి వేణ్ణీళ్ళు పెట్టి, భర్తకూ కూతురికీ డబ్బాలు కట్టి, రక్తపరీక్షల ల్యాబులో కౌంటర్ దగ్గర సాయంత్రం దాకా నిలబడి, తిరిగొచ్చి మళ్ళీ స్టవ్ వెలిగిస్తుంది. ఇవేవీ ఆ ఇంట్లో పని కింద లెక్కకు రావు. ఆమె భర్త లక్ష్మీకాంత్ గుమ్మం ముందున్న తులసికి చెంబెడు నీళ్ళు పోస్తే మాత్రం వస్తుంది.

గోళ్ళ సంగతి కూరలది కాదు. గిటార్‌ది.

ఆ గిటార్‌ను లక్ష్మీకాంత్ కూతురి కోసం కొన్నాడు. ఆఫీసులో ఎవరో తన కూతురు వాయిస్తున్న వీడియో చూపించారని, ఆ సాయంత్రమే కొని తెచ్చాడు. యాకుత్‌పురా స్టేషన్ వెనక మేడ మీద అలీనా అనే అమ్మాయి నేర్పుతుందని తెలిసి, ఆడపిల్లే కదా అని ఒప్పుకున్నాడు. బుధవారం బుధవారం నీహారికను తీసుకెళ్ళి తీసుకొచ్చే పని సహజంగానే అఖిలది. నీహారికకు పట్టుమని నెల తిరక్కుండానే విసుగొచ్చింది. “అమ్మా, వేళ్ళు మండుతున్నాయ్. నువ్వే వాయించుకో, నేను లెక్కలు చేసుకుంటా,” అని ఆ పదమూడేళ్ళ పిల్ల గిటార్‌ను తల్లి ఒళ్ళో పెట్టేసింది. నవ్వుతూ పట్టుకుంది అఖిల. ఒక తీగ మీటగానే చెక్కలోంచి ఆ మోత పొట్టలోకి వచ్చింది. ఇన్నేళ్ళలో తన ఒళ్ళో పడిన వస్తువుల్లో, తోమమనీ తుడవమనీ అడగనిది అదొక్కటే. అప్పటినుంచీ తల్లి నేర్చుకుంటోంది, కూతురు పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది. ఇంట్లో తెలియదు.

తెలిస్తే ఏమవుతుందో అఖిలకు తెలుసు. లక్ష్మీకాంత్ అరవడు, కొట్టడు. దేన్నీ వద్దనడు కూడా. అతను వద్దనకుండానే అవి ఇంట్లోంచి మాయమవుతాయి. పెళ్ళికి ముందు కొనుక్కున్న స్కూటీ అలాగే మాయమైంది. “ఆ ట్రాఫిక్‌లో నీకెందుకమ్మా శ్రమ,” అని మేనల్లుడికి ఇచ్చేశాడు. ఆదివారాలు వచ్చే స్నేహితురాలు శారద రావడం మానేసింది. అతను ఆమెతో ఏం మాట్లాడాడో ఈనాటికీ తెలియదు. ఫలక్‌నుమాలో తండ్రి ఇంట్లో ఉంటున్న చెల్లెలి దగ్గరికి వెళ్ళడం కూడా అలాగే తగ్గుతూ తగ్గుతూ పండగలకు మిగిలింది. ఇప్పుడు ఆమెకంటూ మిగిలింది బుధవారం సాయంత్రం ఒక గంట. దాని మీద అతని కన్ను పడకూడదు. దొంగసొత్తు దాచినట్టు దాచింది ఆ గంటను.

అలీనా మొదటి నుంచీ ఒకే తప్పు పట్టేది.

“అక్కా, మళ్ళ గొంతు పిసుకుతున్నవ్,” అనేది. అలీనాకు ఇరవై మూడేళ్ళుంటాయి. పొడుగాటి వేళ్ళు, అసలు దాపరికం లేని నోరు. “ఈ అంగూఠా ఉంది సూడు, బొటనవేలు, అది గిటార్ మెడ మీదికెక్కి ఎందుకు కూసుంది? దాని జాగా వెనక. నడిమి వేలికి ఎదురుంగ, మెల్లగ ఆనాలె, అంతే. నువ్వేమో పారిపోతదేమో అన్నట్టు పట్టుకుంటున్నవ్. గిట్ల పడితే సుర్ చచ్చిపోతది.”

నిజమే. బొటనవేలు పైకెక్కి బిగుసుకుంటే మిగతా వేళ్ళు ఒంగవు. తీగ మీద నిటారుగా దిగాల్సిన కొసలు పక్క తీగలకు తగిలి, మోగాల్సినవి మూగపోతాయి. మరీ నొక్కితే స్వరం దారి తప్పి పైకి పోతుంది. బొటనవేలి మొదట్లో పుట్టిన నొప్పి మణికట్టు దాకా పాకుతుంది. తెలిసినా చెయ్యి వినేది కాదు. కష్టమైన పట్టు వచ్చేసరికి బొటనవేలు దానంతటదే పైకి పాకి మెడ చుట్టూ బిగిసేది.

ఒకరోజు అలీనా, “బొటనవేలు తీసెయ్,” అంది.

“తీసేస్తే పడిపోతది గదా?”

“తీసి సూడక్కా. పడితే నాది పూచీ.”

తీసింది. గిటార్ ఎక్కడికీ పోలేదు. కుడి మోచేయి, తొడ, రొమ్ము దాన్ని ఆపుకున్నాయి. ఎడమ చేతి బరువే వేళ్ళను తీగల మీదికి దించింది. అన్ని తీగలూ ఒక్కటీ మూగపోకుండా మోగాయి. కిందనుంచి ఎంఎంటీఎస్ రైలు వెళ్తుంటే కిటికీ అద్దాలు అదిరాయి. అఖిలకు ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 

“సూసినవా? అంత తాఖత్ అక్కర్లేదు. నీకు ఈ పట్టు ఎవరు నేర్పిండ్రు అక్కా?” అని నవ్వింది అలీనా.

అలీనా సరదాకే అడిగింది. అఖిల మాత్రం ఆ ప్రశ్నను ఇంటికి తెచ్చుకుంది.

జవాబు ఒక పెళ్ళి భోజనాల దగ్గర దొరికింది. లక్ష్మీకాంత్ పెదనాన్న మనవరాలి పెళ్ళి. బల్ల చుట్టూ నలుగురు ఆడవాళ్ళు చేరితే, చిన్నప్పుడు లోకోషెడ్ పక్కన ఆడుకుంటూ ఆగి ఉన్న ఇంజన్ ఎక్కి కూర్చున్న సంగతి చెబుతోంది అఖిల. అందరూ నవ్వుతున్నారు. వెనకనుంచి లక్ష్మీకాంత్ వచ్చి, ఎప్పటిలాగే, ఆమె మెడ వెనక చెయ్యి వేశాడు. “ఎంత ప్రేమో చూడండి ఈ వయసులో కూడా,” అంది ఎవరో. నాలుగు వేళ్ళు జడ కింద ఒక పక్కన పరుచుకున్నాయి. బొటనవేలు రెండో పక్కన చెవి కిందికి చేరి, ఎముకకూ నరానికీ మధ్య ఉన్న మెత్తని చోట ఆనింది. ఆనింది, నొక్కింది. బయటికి కనిపించేంత కాదు. మాట మధ్యలో ఆగిపోయింది అఖిల. “తర్వాతేమైంది?” అని వాళ్ళడిగితే, “ఏముంది, దిగిపోయాను,” అంది. ఇన్నేళ్ళూ అది తన మతిమరుపు అనుకుంది. నలుగురిలో మాట్లాడుతూ మాట్లాడుతూ సగంలో మర్చిపోతానని, అంత తెలివి తక్కువదాన్నని నమ్మింది. అతను కూడా, “మా ఆవిడ కథ మొదలుపెడుతుంది గానీ ముగించదు,” అని అందరినీ నవ్విస్తుంటాడు. ఆ రోజు చెయ్యి కడుక్కుంటూ, అద్దంలో తన మెడ వంక చూసుకుని, తన చేతికి ఆ పట్టు ఎవరు నేర్పారో తెలుసుకుంది.

వేళ్ళ కొసలకు కాయలు కాచాయి. ఎడమ చేతి నాలుగు వేళ్ళకే. వెనక ఉండే బొటనవేలు మాత్రం మెత్తగానే ఉంది. ల్యాబులో హాజరు యంత్రం ఆమె ఎడమ చూపుడువేలిని గుర్తుపట్టడం మానేసింది. “మేడమ్, వేలు అరిగిపోయిందేంది? ఇంట్ల బోళ్ళు జర తక్కువ తోమున్రి,” అని సూపర్‌వైజర్ ప్రేమ్‌రాజ్ అందరిముందూ నవ్వి, కుడి వేలి ముద్ర తీసుకున్నాడు. అఖిల కూడా నవ్వింది. ఫోనుకూ మొదటినుంచీ ఆ ఎడమ చూపుడువేలే ఇచ్చింది. కుడి చెయ్యి ఎప్పుడూ తడిగానో పిండిగానో ఉంటుంది కదా. అదీ తెరుచుకోవడం మానేస్తే, నంబరు కొట్టి తెరుచుకోవడం అలవాటు చేసుకుంది. పెద్ద విషయంగా అనిపించలేదు.

ఆదివారం భోజనాలయ్యాక కాసేపు నడుం వాల్చడం ఆమెకు దక్కిన ఒకే ఒక విలాసం. పగలు తలుపులు వేసుకోకూడదని అత్తగారి నియమం కనక, ఓరగా తెరిచిన తలుపు, తిరిగే ఫ్యాను, పక్కన పేపరు చదువుకుంటూ లక్ష్మీకాంత్. ఆ ఆదివారం నిద్ర పట్టీ పట్టకుండా ఉన్నప్పుడు ఎవరో ఎడమ చెయ్యి పట్టుకున్నట్టయింది. ఎంతో మెల్లగా, పసిపాప చెయ్యి ఎత్తినట్టు ఎత్తారు. చూపుడువేలిని చల్లటి అద్దం మీద ఆనించారు. ఫోను సన్నగా వణికి, కాదంది. మళ్ళీ ఆనించారు. మళ్ళీ కాదంది. వేలిని పంచె కొసతో తుడిచి, మళ్ళీ.

అఖిల కళ్ళు తెరవలేదు. ఊపిరి కూడా నిద్రలో ఉన్నట్టే తీసింది. ఆ తుడవడంలో తొట్రుపాటు లేదు. అదే ఆమెను భయపెట్టింది. బాగా అలవాటైన పని చేస్తున్న చెయ్యి అది. చివరికి అతను ఆమె చేతిని తెచ్చి, ఎక్కడ ఉన్నదో అక్కడే, ఎలా ఉన్నదో అలాగే, దిండు మీద పెట్టాడు. వేళ్ళు కూడా సర్దాడు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. “మీ చెల్లెలికి మళ్ళీ నెల తప్పిందటగా,” అని తను చెప్పకముందే అన్న మాట. “ఆ శారద ఇక్కడికి రావడం అంత అవసరమా?” అని, శారద వస్తానని మెసేజ్ పెట్టిన మర్నాడే అడగడం. “నీ మనసులో ఏముందో నాకు తెలియదనుకున్నావా?” అని నవ్వడం. ఆ మాటకు కొత్తలో సిగ్గుపడింది, మురిసిపోయింది కూడా. చెప్పకుండానే మనసు తెలుసుకునే మొగుడు ఎంతమందికి దొరుకుతాడని పొంగిపోయింది. ఎన్ని ఆదివారాలు ఆ చేతిని అలా ఎత్తి దించాడో! నిద్ర కూడా తనది కాదని తెలిశాక, ఆ మంచం మీద ఎక్కడ పడుకోవాలో ఆమెకు తోచలేదు.

ఫోనులో ఉన్నవేమిటంటే, వీడియోలు. “ముఖం వద్దక్కా, వెనకనుంచి తియ్. అంగూఠా కనబడితే చాలు,” అని అలీనా అడిగితే, నీహారిక తీసి పెట్టినవి. అన్నింట్లో ఉన్నది ఒక చెక్క మెడ, దాని వెనక ఒక బొటనవేలు.

లక్ష్మీకాంత్ వారమంతా మామూలుగానే ఉన్నాడు. మామూలుకన్నా మంచిగా ఉన్నాడు. గురువారం అన్నాల దగ్గర, “ఏదీ, ఎడమ చెయ్యి ఇటివ్వు,” అన్నాడు. ఇచ్చింది. ఒక్కొక్క వేలి కొసనూ తన బొటనవేలితో రాసి చూశాడు, బియ్యంలో రాళ్ళు వెతికినట్టు.

“ఇంత గట్టిపడ్డాయే. ఏం పని చేస్తున్నావు ఈ చేత్తో?”

“అంట్లే.”

“అంట్లకి కుడి చెయ్యి కదే అరిగేది,” అంది హైమవతి, మజ్జిగ పోసుకుంటూ.

లక్ష్మీకాంత్ అఖిల చేతిని కంచం పక్కన పెట్టేసి, “ఈసారి బుధవారం నీహారికని నేను తీసుకెళ్తాలే. పాపం, నీకూ విశ్రాంతి,” అన్నాడు. నీహారిక తల్లి వంక చూసి చటుక్కున తల దించుకుంది.

బుధవారం దాకా కూడా ఆగలేదు అతను. శనివారం సాయంత్రం టీ పెట్టి హాల్లోకి తెచ్చేసరికి, సోఫాలో నీహారిక ఒళ్ళో గిటార్ ఉంది. పక్కనే లక్ష్మీకాంత్, ఎదురుగా హైమవతి కళ్ళద్దాలు సవరించుకుంటూ.

“ఏదైనా వాయించు తల్లీ. నానమ్మ వింటుంది.”

“నాన్నా, మేడమ్ ఇంకా పాటలు చెప్పలేదు. ముందు వేళ్ళకి ప్రాక్టీస్ అవ్వాలని, అందుకని మేము...”

అతను కూతురి మెడ వెనక చెయ్యి వేశాడు.

నీహారిక మాట ఆగిపోయింది. రెండు భుజాలూ చెవుల దాకా లేచాయి. చూపు ఎటూ కాకుండా గోడ మీద నిలిచింది. అఖిల ఇంతవరకూ ఆ చేతిని చూడనేలేదు, అది ఎప్పుడూ తన వెనకే ఉండేది. ఇప్పుడు కనిపించింది. నాలుగు వేళ్ళు అటు, బొటనవేలు ఇటు. ఎంత కుదురుగా ఆనించాడో, ఎంత కొద్దిగా నొక్కుతున్నాడో కనిపించింది. పిల్ల మెడ కనక అంత బలం కూడా అక్కర్లేదు. హైమవతి టీ కోసం చెయ్యి చాచి, “బంగారుతల్లి, సిగ్గుపడుతోంది,” అంది.

“దానికి రాదు,” అంది అఖిల. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “నేర్చుకుంటున్నది నేను. అది లెక్కలు చేసుకుంటది. ఇయ్యాల్టిది గాదు, మస్తు రోజులైంది.”

చెయ్యి కూతురి మెడ మీదనుంచి మెల్లగా దిగింది. లక్ష్మీకాంత్ నవ్వాడు. కోపమే వస్తే ఇంత భయం ఉండేది కాదు.

“అంతేనా! ఈమాత్రం దానికి దాగుడుమూతలెందుకమ్మా? అడిగితే కాదంటానా?” అన్నాడు. టీ తాగాడు. కప్పు కింద పెడుతూ, “మా అటెండరు కొడుకు ఎప్పటినుంచో గిటార్ కావాలంటున్నాడు. పేదపిల్లాడు. సోమవారం ఇచ్చేద్దాం, పుణ్యం,” అన్నాడు.

“నా కొడుకుది వెన్నలాంటి మనసు,” అంది హైమవతి.

ఆ రాత్రి నీహారిక వంటింట్లోకి వచ్చి, తల్లి వీపుకు మొహం ఆనించి, “అమ్మా, మెడ నొప్పిగా ఉంది. నాన్న ఊరికే వేశారు చెయ్యి, కానీ నొప్పిగా ఉంది,” అంది. ఆ ‘ఊరికే’ను అఖిల మర్చిపోలేకపోయింది. తను కూడా మొదట్లో ఆ మాటే అనుకుంది. ఊరికే వేశారని అనుకుంటూ అనుకుంటూ తనకు ఇంతకాలం గడిచిపోయింది. తన కథలన్నీ సగంలో ఆగిపోయినవే. ఇక ఆ పిల్లవి మొదలయ్యాయి.

ఆదివారం ముద్దపప్పు, ఆవకాయ, చిక్కుడుకాయ వేపుడు. భోజనాలయ్యాయి. హైమవతి హాల్లో మంచం మీద వాలింది. నీహారిక అక్కడే కింద కూర్చుని పుస్తకం తెరిచింది. అఖిల గదిలోకి వెళ్ళి పడుకుని కళ్ళు మూసుకుంది. నిద్రపోయేందుకు కాదు. దాపరికం అయిపోయింది, గిటార్ రేపు పోతుంది, ఇంకా అతను వెతికేదేమైనా ఉందా అని చూడాలనుకుంది. వెతకడని ఆమెలో ఒక మూల ఇంకా ఆశ ఉంది. ఆ ఆశకు ఆమె తర్వాత తనే సిగ్గుపడింది.

పేపరు మడిచిన చప్పుడైంది. ఆమె ఎడమ చెయ్యి గాలిలోకి లేచింది.

చూపుడువేలు. ఫోను కాదంది. నడిమి వేలు. కాదంది. ఉంగరపు వేలు, చిటికెన వేలు. అతను ఆగాడు. బొటనవేలిని అరచేతిలోకి తీసుకుని, అది ఒక్కటే మెత్తగా ఉన్నట్టు గమనించి, తృప్తిగా నిట్టూర్చి, దాన్ని అద్దం మీద ఆనించాడు.

“అది తెరుచుకోదు,” అంది అఖిల. “నేను మేల్కొనే ఉన్న.”

అతని చెయ్యి కదల్లేదు. కళ్ళు తెరిచి చూసింది. ఆ ముఖంలో దొరికిపోయిన వాడి కంగారు లేదు, నిద్ర చెడగొట్టిన పిల్లను జోకొట్టబోయే ఓర్పు ఉంది.

“కలగన్నావా? పడుకో.”

“పోయిన ఆదివారం గూడ మేల్కొనే ఉన్న. ఎన్నేండ్ల సంది పట్టుకుంటున్నవ్ ఈ చెయ్యి?”

“గట్టిగా మాట్లాడకు. అమ్మ లేస్తుంది.”

“లేవాల్నే మాట్లాడుతున్న.” లేచి కూర్చుంది. “ల్యాబుల నిలబడి సంపాదించిన ఫోను. నా ఏలు. నా నిద్ర. నా చెల్లె కడుపు సంగతి నాకంటె ముందు నువ్వు సదువుతవా? శారదకు ఏం చెప్పినవ్, ఆమె మన గడప ఎందుకు తొక్కుతలేదు?”

అతను మంచం మీద దగ్గరికి జరిగాడు. చెయ్యి ఆమె భుజం మీదుగా వెళ్ళి మెడ వెనక ఆగింది. నాలుగు వేళ్ళు జడ కిందికి, బొటనవేలు చెవి కిందికి. ఈసారి పెళ్ళి భోజనాల దగ్గరలాగా కాదు. కళ్ళ ముందు తెల్లటి చుక్కలు లేచాయి. నొక్కిన చోటనుంచి మాట గొంతులోకి రాకుండా ఎండిపోతున్నట్టయింది. భయం వేసింది. చాలా భయం వేసింది. అయినా మాట ఆపలేదు. సన్నబడి, గీరుకుపోయి, ముక్కలు ముక్కలుగా వచ్చింది గానీ ఆగలేదు.

“నీహారికా,” అంది. “బిడ్డా, ఇటు రా. నానమ్మను గూడ తోల్కరా.”

హాల్లో మంచం కిర్రుమంది. “ఏమైందిరా అబ్బాయ్?” అన్న హైమవతి గొంతు, వెంట పిల్ల పరుగు, ఓరగా ఉన్న తలుపు పూర్తిగా తెరుచుకోవడం. లక్ష్మీకాంత్ వేళ్ళు సడలాయి. చెయ్యి జారి కిందికి రాబోయింది.

అఖిల ఎడమ చేత్తో ఆ చేతిని మెడ మీదే పట్టి ఆపింది.

“తియ్యకు,” అంది. “బొటనవేలు యాడుందో ఆడనే ఉండనియ్యి. నీ తల్లి సూడాలె, నీ బిడ్డ సూడాలె.”